అవ్వ మీద ఇస్సాకు కట్టిన కేసు

హసన్‌పర్తి మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ని నేను. పేరు ఆనందరావు. ఐదో తరగతేనా అని చులకన చేయొద్దు, మా పంతులు చెప్పిన ఐదు ఇప్పటి పదికి తీసిపోదు. ఆ చదువుతోనే దవాఖానలో ఊడ్చే పనికి చేరి కాంపౌండరు దాకా ఎక్కాను. మా సంఘానికి పెద్దగా ఎన్నికయ్యాను. చర్చికి కరెంటు దీపం తెప్పించాను. మట్టెవాడలో మా గల్లీకి నల్లా వేయించింది కూడా నేనే. దాని కోసం ఎన్ని చెప్పులు అరిగాయో ఆ మున్సిపాలిటీ మెట్లకే తెలుసు. అయితే నేను చేసిన పనుల్లో పెద్దది ఏదంటే, మా మేనల్లుడు ఇస్సాకును చదివించడం. అతని బతుకు నాలుగు మాటల్లో రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఇస్సాకు మా చెల్లె మరియమ్మకు వయసు మళ్లాక పుట్టిన కొడుకు. తండ్రి కలరాలో పోయేనాటికి వాడు ఇంకా పాకుతున్నాడు. మా చెల్లెను, పిల్లవాణ్ని తీసుకొచ్చి మా పక్కింట్లోనే పెట్టుకున్నాను. మరియమ్మ బైబిల్ స్త్రీగా చేరింది. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే పని. ఇస్సాకు చదువు నా చేతిలో పడింది. నా పద్ధతి ఒక్కటే. నోటికి రాని చదువు నీటి మీద రాత. మా హసన్‌పర్తి పంతులు దగ్గర మనసులో చదువుకుంటే బెత్తం పడేది. ఎక్కం చెబితే చెరువు కట్ట మీద పోయేవాడికి వినపడాలి. ఇస్సాకును అట్లాగే తయారు చేశాను. తెల్లవారకముందే లేచి, అరుగు మీద అటూ ఇటూ నడుస్తూ, గొంతెత్తి వల్లెవేయాలి. వాడికి పద్దెనిమిదేళ్లు దాటినా, జిల్లా కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా అయినా ఆ అలవాటు పోలేదు. పోనివ్వలేదు నేను.

కోర్టులో ఇతరుల వాదనలకు నకళ్లు రాసీ రాసీ, తానే వాదించాలన్న కోరిక పుట్టింది వాడికి. అప్పుడు దొరికాడు రాజేశ్వర్ రావు ప్రొఫెసరు. పట్నంలో ఏళ్ల తరబడి లా చెప్పి, రిటైరై హనుమకొండలో సొంతింట్లో స్థిరపడ్డాడు. చైనా యుద్ధం ముగిసినా ఎమర్జెన్సీ ముగియని రోజులవి. దేశరక్షణ చట్టం కింద ఎవరినో ఒకరిని పట్టుకుపోతూనే ఉన్నారు, విడిపించడం మన వకీళ్లలో చాలామందికి తెలియడం లేదు. అందుకని ఆయన ఆ చట్టం ఒక్కదాని మీదే ప్రతి ఆదివారం మధ్యాహ్నం తన హాల్లో క్లాసు పెట్టాడు. కుర్ర వకీళ్లు, గుమాస్తాలు చాపల మీద కూర్చునేవారు. క్లాసులో గట్టిగా నిలబడినవాణ్ని తానే పట్నం లా కాలేజీలో చేర్పిస్తానన్నాడు.

"దొంగతనం చేసినోన్ని పట్టుకునే చట్టం అందరికీ ఎరుకే. ఇది అది కాదు" అనేవాడాయన. "ఇది ఏం చేయనోన్ని పట్టుకునే చట్టం. చేస్తడేమో అని పట్టుకుంటది. ఎందుకు పట్టుకున్నవని అడిగితే చెప్పాల్సిన పని గూడ లేదు. అయినా నా క్లాసుల చెప్పాలె. చెప్పుడు నేర్చుకున్నోడే విప్పుడు నేర్చుకుంటడు."

ఆయన పద్ధతి ఇది. వారానికొకడు సర్కారు వంతు తీసుకోవాలి. పుస్తకంలో కేసు పనికిరాదు. తన ఇంట్లోని మనిషిని, ఏ పాపమూ ఎరగని మనిషిని ఎంచుకుని, ఆ మనిషిని బయట ఉంచితే దేశానికి ముప్పని వాదించాలి. మిగతావాళ్లంతా కలిసి ఆ మనిషిని విడిపించాలి. ఒక్క కంత దొరికినా సర్కారు ఓడినట్టే. రామలింగం అనే కుర్ర వకీలు పావురాలు పెంచే తన తాతను పట్టించాడు, పావురాల కాళ్లకు రహస్యాలు కట్టి శత్రువుకు పంపగలడని. ఆ పావురాలు పక్క డాబా దాటి ఎన్నడూ ఎగరలేదని నిరూపించి ఇస్సాకే ఆ తాతను విడిపించాడు. క్లాసంతా నవ్వింది. వచ్చే వారం నీ వంతు అన్నాడు ప్రొఫెసరు ఇస్సాకుతో.

ఇంట్లో ఉన్నది ఇద్దరే, తల్లీ కొడుకూ. తనను తాను పట్టించుకోలేడు కదా. మిగిలింది మరియమ్మ, వాడు అవ్వా అని పిలిచే తల్లి.

ఇక్కడ మా ఆడవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. మా సంఘంలో ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి, కళ్లు మూసి ప్రార్థన చేసి, వేరే ముంతలో వేస్తుంది. అది దేవుని పిడికెడు. తన పిల్లలకు చాలకపోయినా అది వేరే. మరియమ్మ వారం వారం ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు గుమ్మరించుకుని తెచ్చి, లోపలి గదిలో పెద్ద కుండల్లో పోసేది. ఊళ్ల నుంచి దవాఖానకు వచ్చి, వండిపెట్టే దిక్కులేని రోగులకు ఆ బియ్యంతోనే గంజి కాచేవాళ్లం. ఆ గదిలోనే ఇస్సాకు చదువు. ప్రొఫెసరు ఇచ్చిన లా పుస్తకాలు పోతాయన్న భయంతో వాడు గదికి ఒక తాళం కొని, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. మా చెల్లెకు బియ్యం పోయాలన్నా, తీయాలన్నా వాణ్నే అడగాలి.

ఆ ఏడు బియ్యానికి కరువొచ్చింది. ఇంటికి ఇంతకు మించి ఉంచుకోరాదని, ఉంటే చెప్పాలని సర్కారు హుకుం వేసింది. హుకుం సంగతి అందరికీ తెలుసు. దేవుని పిడికెడు కూడా దాని కిందికి వస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇస్సాకుకు తట్టింది, క్లాసు కోసం.

"అవ్వా, ఈ వారం నిన్ను జేల్ల ఏస్తాన్న" అన్నాడు నవ్వుతూ.

"ఏస్తె ఏసినవ్ గని, ఆడ అన్నం మంచిగ పెడ్తరా లేదా అడుగు" అంది మరియమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "ఈ ఇంటి వంట తిని తిని నా నోరు సచ్చిపోయింది."

"వంట జేసేది నువ్వు గదనే!"

"గందుకే అంటాన్న."

రోజూ సాయంత్రం నేను ఎదుటి పక్షం. నేను కంత వెతకాలి, వాడు పూడ్చాలి. ఆమె దేవుని పని చేసే మనిషి అన్నాను. "దేవుని పేరు చెప్పి దాచినదాన్ని ఎవ్వరూ సోదా చేయరు. కనుక ముప్పు ఎక్కువ" అన్నాడు. పేదల కోసం దాచిందన్నాను. "పేదల చేతికి పోవాల్సిన గింజ పేదల పేరుతోనే ఆగిపోయింది" అన్నాడు. ఒక్క గింజ అమ్ముకోలేదు అన్నాను. "అమ్మలేదు గనుకనే దాచింది అంటున్నాం" అన్నాడు. ముసలిది అన్నాను. "ముసలిదాన్ని అనుమానించేవాడెవడు?" అన్నాడు. ఏది అన్నా గోడే. ఎక్కడా ఎలుక దూరేంత సందు లేదు. నేను మురిసిపోయాను. మా చెల్లె కూడా దగ్గరికొచ్చి విని, "అబ్బో, గింత దొంగదాన్నని నాకే ఎరుక లేకపాయె" అని బుగ్గలు నొక్కుకుంది.

తెల్లవారుజామున అరుగు మీద వల్లెవేయడం మొదలైంది. మా అరుగుకు ఎదురుగానే వెంకట్రాజం రేషన్ దుకాణం. అప్పటికే సంచులు పట్టుకుని జనం లైను కట్టి ఉండేవారు. "మరియమ్మ అను స్త్రీ, మట్టెవాడ నివాసి, సర్కారు హద్దును మించి బియ్యము కుండలలో దాచి, యుద్ధకాలమున ప్రజల ఆకలికి కారకురాలై..." అని ఇస్సాకు గొంతు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. మొదటి రోజు లైను నవ్వింది.

"ఏం గుమాస్తా, మీ అవ్వకు ఇంకెన్ని రోజులు?" అని లైనులోంచి మొగిలమ్మ కేకవేసింది.

"నా దుకాణం ముందర ఇంకో దుకాణం పెట్టినవ్ గదయ్యా" అన్నాడు వెంకట్రాజం.

మరునాడు నవ్వు తగ్గింది. దుకాణంలో బియ్యం మధ్యలోనే అయిపోయి, సగం లైను ఖాళీ సంచులతో తిరిగిపోయింది. ఆ తర్వాతి రోజు ఎవరూ నవ్వలేదు. మొగిలమ్మ అరుగు దాకా వచ్చి, "నిజంగనే ఉన్నయా కుండల్ల?" అని మెల్లగా అడిగింది. ఇస్సాకు పాఠం ధ్యాసలో ఉండి తల ఊపాడు.

అదే పొద్దున వెంకట్రాజం దుకాణం తనిఖీకి సప్లై ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తాళం తీసేదాకా లైను పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. ఇస్సాకు మొత్తం వాదన మొదటి నుంచి చివరి దాకా ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు బీడీ పారేసి గల్లీ దాటి వచ్చాడు.

"ఎవరయ్యా ఆ మరియమ్మ?"

"మా అవ్వ సార్. ఇది క్లాసు కోసం. ప్రొఫెసర్ గారి క్లాసు."

"బియ్యం కూడా క్లాసు కోసమేనా?"

గది చూపించమన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇస్సాకు మొలతాడు నుంచి చెవి విప్పి తాళం తీశాడు. కుండలు, వాటి పక్కన లా పుస్తకాలు. ఇన్‌స్పెక్టరు రెండూ చూశాడు. దేవుని పిడికెడు అని మా చెల్లె చెప్పబోతే, "అది కూడా మీ అబ్బాయి చెప్పాడమ్మా. దేవుడి పేరు చెప్తే సోదా చేయరని" అన్నాడు. గదికి వాడి చేతనే తాళం వేయించి, చెవి వాడికే వదిలి, తాళం మీద గుడ్డ చుట్టి లక్కముద్ర వేశాడు. ముసలామెను సోమవారం పెద్ద ఆఫీసరు ముందు నిలబెట్టాలని, దేశరక్షణ చట్టం కిందనే చూస్తారని, అప్పటిదాకా గడప దాటకూడదని చెప్పి ఒక కానిస్టేబుల్ను అరుగు మీద కూర్చోబెట్టి పోయాడు.

ఆ నాలుగు గోడల మధ్య మా చెల్లె ఎట్లా ఉన్నదో చెబుతాను. ఆమె కాళ్లు ఇంట్లో ఒకచోట నిలిచే కాళ్లు కావు. పొద్దున లేస్తే ఇల్లిల్లూ తిరగాల్సిన మనిషి. ఇప్పుడు నల్లా దగ్గరికి కూడా పోలేదు. గడప లోపల నిలబడి వీధి వైపు చూస్తే, వీధి ఆమె వైపు చూసేది. సంఘం ఆడవాళ్లు రావడానికి భయపడ్డారు, తమ పిడికిళ్లు కూడా ఆ కుండల్లో ఉన్నాయి కదా. "అన్నా, నేను ఎవరి కూడు దాచిన్నే?" అని నన్ను అడిగింది. అంతటి సంఘపెద్దను, బిందె తీసుకుని ఆమె బదులు నల్లా దగ్గరికి నడిచాను.

ఇస్సాకు అన్నం ముట్టలేదు. సర్కారు పక్షాన తాను పూడ్చిన కంతలన్నీ ఇప్పుడు గోళ్లతో గీకి చూసుకుంటున్నాడు. తల్లి దేవుని పని చేస్తుందని రాసేవాడు, వెంటనే తన జవాబే తన చెవిలో మోగేది, కొట్టేసేవాడు. పేదల కోసమని రాసేవాడు, కొట్టేసేవాడు. కోర్టులో తెలిసిన వకీలు దగ్గరికి పోతే ఆయన వాదనంతా విని, "దీన్ని ఎవడు తయారు చేసిండు గని గట్టిగ చేసిండు" అన్నాడట. గొంతెత్తి చదువు, దారి కనబడుతుంది అని నేను ధైర్యం చెప్పాను.

"మామా, ఇగ గట్టిగ వద్దు" అన్నాడు. పెదవులు కూడా కదపకుండా కూర్చున్నాడు. వాణ్ని అట్లా చూడటం అదే మొదలు.

ఆదివారం ఇద్దరం హనుమకొండ పోయాం. జరిగినదంతా ప్రొఫెసరుకు చెప్పి, ఇవాళ తనను వదిలేయమన్నాడు ఇస్సాకు. రాజేశ్వర్ రావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలాసేపు మళ్లీ పెట్టుకోలేదు.

"నాకు ఆఫీసర్ల దోస్తానా లేదు బాబూ. నాకొచ్చేది క్లాసు చెప్పుడే. మీ అమ్మను విడిపించే దారి ఉంటే ఈ చాపల మీదనే దొరకాలె. నువ్వు సర్కారు. ఒక్క మాట మెత్తగ మాట్లాడినా ఊకోను. రేపు ఆడ వాళ్లు మెత్తగ మాట్లాడరు."

నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఎన్నో ప్రసంగాలు విన్నవాణ్ని, చెప్పినవాణ్ని, అటువంటిది మళ్లీ వినలేదు. ఇస్సాకు లేచి తల్లిని దేశానికి ముప్పు అన్నాడు. ఒకరు ముసలితనం అన్నారు, కొట్టేశాడు. ఒకరు ధర్మం అన్నారు, కొట్టేశాడు. ఒకరు పదిమంది సొత్తు అన్నారు. "పదిమంది సొత్తు ఒకరి చేతిలో పోగైతే దాన్నే దాచడం అంటారు" అన్నాడు. గొంతు వణికినప్పుడల్లా ప్రొఫెసరు, "గట్టిగ" అనేవాడు. వాడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. హాల్లో ఎవరికీ అడగడానికి ఏమీ మిగల్లేదు. ప్రొఫెసరు గోడ గడియారం వైపు చూశాడు.

అప్పుడు రామలింగం, పావురాల తాత మనవడు, కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"అన్నా, ఆ గదికి తాళం ఉందా?"

"ఉంది."

"చెవి ఎవరి దగ్గర ఉంటది?"

ఇస్సాకు చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

"మీ అవ్వకు ఆ గదిలకు పోవాలంటే?"

"నన్ను అడగాలె."

"అయితే బియ్యం ఎవరి కబ్జాల ఉన్నట్టు?"

ప్రొఫెసరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "మరియమ్మ విడుదల" అన్నాడు నెమ్మదిగా. "కంత దొరికింది. కాని ఇస్సాకూ, అండ్ల నించి ఒక్కరే బయటికి పోతరు. ఇంకొకరు లోపలికి రావాలె. ఎవరినీ బలవంతం చేసే కంత కాదిది. ఆలోచించుకో."

తిరిగి వచ్చేదారిలో నేను చెప్పాను. కోర్టు నౌకరి పోతుందిరా, లా కాలేజీ పోతుందిరా, ముసలిదాన్ని నాలుగు రోజులు ఉంచి వదిలేస్తారేమో చూద్దాం అన్నాను. పెంచినవాణ్ని, అనకుండా ఎట్లా ఉంటాను? వాడు విన్నాడు. "నాలుగు రోజులని ఆ చట్టంల యాడ ఉంది మామా?" అని మాత్రం అడిగాడు.

సోమవారం కచేరీలో పెద్ద ఆఫీసరు మా చెల్లె పేరు పిలిచేలోగానే ఇస్సాకు ముందుకు నడిచి, మొలతాడు తెంపి చెవిని బల్ల మీద పెట్టాడు. గది తనది, తాళం తనది, తాను తీస్తే తప్ప ఆ కుండల్లో గింజ పడదు, గింజ లేవదు అన్నాడు. తాళం తీసింది ఎవరో ఇన్‌స్పెక్టరును అడగమన్నాడు. ఇన్‌స్పెక్టరు అవునని తలూపక తప్పలేదు.

"మీరు కోర్టు ఉద్యోగి. ఏం చెబుతున్నారో తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

"తెలుసు సార్. నకళ్లు రాసేటోన్ని. మాట మార్చను."

మా చెల్లె ఊరుకుందా? "అబద్దం సార్! బియ్యం నాయి, కుండలు నాయి! ఇంటింటికి తిరిగి తెచ్చింది నేను! వీనికి పిడికెడు పట్టుడు గూడ రాదు!" అని బల్ల దాకా వచ్చేసింది. కొడుకు రెక్క పట్టుకుని కొట్టింది కూడా. "అవ్వా, రోజూ చెవి ఎవల్ని అడిగినవ్?" అన్నాడు వాడు. ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

ఆమెను ఇంటికి పంపించారు. బియ్యాన్ని వెంకట్రాజం దుకాణంలోనే కంట్రోల్ ధరకు అమ్మించారు. మొగిలమ్మకూ సంచి నిండింది. ఇస్సాకును దేశరక్షణ చట్టం కింద జైల్లో పెట్టారు. ఎప్పటిదాకా అంటే చెప్పినవాడు లేడు.

అక్కడికి అన్నం తీసుకుపోవడం మా చెల్లె పని. ఆ అన్నం ఒక్క ఇంటిది కాదు. సంఘం ఆడవాళ్లు మళ్లీ పిడికిళ్లు తీయడం మొదలుపెట్టారు, ఈసారి ఇస్సాకు కోసం. అన్ని రకాల బియ్యం కలిసి ఒకటి ఉడికితే ఇంకొకటి పలుకుగానే ఉండేది. "జేలు కూడే నయమే అవ్వా" అని వాడు ఊచల వెనక నుంచి ఏడిపించేవాడు. ఆమె నవ్వేది కాదు. వాడు తినేదాకా నిలబడి, గిన్నె తీసుకుని పోయేది.

ఒక రోజు నేను కూడా ఉన్నప్పుడు ప్రొఫెసరు వచ్చాడు. చేతికర్ర పట్టుకుని, ఎండలో నడిచి వచ్చాడు. ఊచల ఇవతల స్టూలు మీద కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం నువ్వు విడిపించే పక్షం. ముద్దాయి నువ్వే. తయారై రా" అన్నాడు.

"ఎట్ల రావాలె సార్?" అన్నాడు ఇస్సాకు. "చెవి వాళ్ల దగ్గరుంది."

ముసలాయన తల వంచుకున్నాడు. ఆ ఆదివారం, ఆ తర్వాతి ఆదివారాలూ హాల్లో ఇస్సాకు చాప ఖాళీగా పరిచి, అతని తరఫున అందరూ వాదించారని రామలింగం చెప్పాడు. అక్కడ ప్రతిసారీ ఇస్సాకు గెలిచాడు. ఆ వాదనను అర్జీగా రాసి పైకి పంపారు. విన్నారో, మరిచారో, ఎండాకాలం రాకముందు ఒక రోజు ఏమీ చెప్పకుండానే ఇస్సాకును వదిలేశారు.

నౌకరి తిరిగి రావడానికి నేను ఎన్ని గడపలు ఎక్కానో ఇక్కడ రాయను, రాస్తే పుస్తకం చాలదు. వచ్చింది. అదే నకళ్ల బల్ల, అదే కుర్చీ, జీతం మాత్రం మొదటి మెట్టు నుంచి. లా కాలేజీకి జైలు చూసినవాణ్ని పంపడానికి ప్రొఫెసరు సిద్ధమే, ఇస్సాకు సిద్ధం కాలేదు. వయసు మీదపడేదాకా అదే బల్ల దగ్గర ఇతరుల వాదనలు రాస్తూ ఉండిపోయాడు. మళ్లీ ఎన్నడూ గొంతెత్తి చదవలేదు. ఆ వాదన మాత్రం నాకు మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. మా వంశంలో అంత గట్టి వాదన కట్టినవాడు లేడు.

లోపలి గదికి మా చెల్లె తాళం పెట్టనివ్వలేదు. తలుపు రెక్కనే ఊడదీయించి, దాన్ని అరుగు మీద అడ్డంగా పరిపించి, దేవుని పిడికెడు కుండను దాని మీద పెట్టింది, మూత లేకుండా, రేషన్ లైనుకు ఎదురుగా. పిట్టలు తింటున్నాయి, మూతైనా పెట్టమని నేను చెప్పి చూశాను.

"తిననీ అన్నా" అంది. "చూసెటోళ్లందరికీ కనపడాలె."